మూడు చీటీలు, ఒకే నోరు

మిషను మూడు కొట్టి ఒకటి ఆగుతోంది. దడ్, దడ్, దడ్, ఆపైన ఒక ఖాళీ. గోడవారగా వేసిన బెంచీ మీద కూర్చున్న సొరుగమ్మ ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఎడమ మడమ నేలకి ఆనిస్తోంది, తనకి తెలియకుండానే. తెలిశాక కాలు వెనక్కి లాక్కుంది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి అచ్చాఫీసులో కూర్చుని కాలాడిస్తే చూసేవాళ్లేమనుకుంటారు? చూసేవాళ్లెవరూ లేరు. గాజు తలుపు అవతల మిషను దగ్గర ఇద్దరు, చెవుల్లో దూది పెట్టుకుని, కాగితాల దొంతర సర్దుకుంటున్నారు. గోడ గడియారం మూడు దాటి రెండు నిమిషాలు. నాలుగింటికి పేజీలు మూసేస్తానని పేజీల మేస్త్రీ చెప్పి టీకి వెళ్లాడు. ఒళ్లో అట్ట, అట్ట మీద ప్రూఫు కాగితం, ల అక్షరం, ఎడమ వరసలో పైనుంచి మూడో మాట. లొమిర.

సొరుగమ్మ అన్నది కుర్రాళ్లు పెట్టిన పేరు. నిఘంటువు ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు చీటీల సొరుగుల మధ్యే ఉంది. ఏ మాట ఏ సొరుగులో ఉందో తల ఎత్తకుండా చెప్పేది. రిటైరైన రోజు వాళ్లు ఒక ఖాళీ సొరుగు బహుమతిగా ఇచ్చారు. అందులో ఇప్పుడు మందులు పెట్టుకుంటోంది. మూడో కూర్పు వస్తోంది, ల మీ చేతి అక్షరం కదా మేడమ్, ఒకసారి చూసిపెట్టండి అని ఎడిటర్ ఫోన్ చేస్తే సరేనంది. నెల నుంచి చూస్తూనే ఉంది. తొంభై రెండు పేజీల్లో ఎక్కడా ఆగలేదు. ఈ ఒక్క మాట దగ్గర ఆగింది, కాగితం ఇవ్వకుండా ఉంచుకుంది, ఇవాళ బస్సెక్కి తనే తెచ్చింది. ఇదే ఆఖరి అచ్చు పుస్తకమని ఆఫీసులో అందరికీ తెలుసు. ఇంకో కూర్పంటూ వచ్చినా, అప్పటికి ఈ సంగతి తెలిసినవాళ్లు ఉండరు. తెలిసింది ఇప్పుడు తనొక్కతికే.

కళ్లద్దాలు తుడిచి మళ్లీ చదివింది, చదవక్కర్లేకపోయినా. లొమిర: ఆరుగురు గాని ఎనిమిది మంది గాని వలయంగా నిలబడి వేసే జానపద నృత్యం, మూడో అడుగు దగ్గర ఎడమ కాలి మీద తగ్గడం దీని గుర్తు. అంతవరకు ఫరవాలేదు. ఆ తర్వాత నాలుగు లైన్లు. మూలం: ఇటుక బట్టీలో మట్టి తొక్కుతూ ఒక కాలు ఈడ్చి నడిచే లొమిర అనే పిల్ల పేరు మీద వచ్చింది. ఆమె అడుగునే తోటివాళ్లు ఆటగా మార్చారు. ఆరు భాషల నిఘంటువులు దీన్ని సమర్థిస్తున్నాయి. ఈ చివరి వాక్యం కొత్తది, ఎడిటర్ చేర్చింది. మంచి పిల్ల, జాగ్రత్త గల పిల్ల. పిల్ల ఏమిటి, నలభై నాలుగు వచ్చాయి, పైగా ఇప్పుడు తన కుర్చీలోనే కూర్చుంటోంది.

ఆరు భాషలు. పోయిన నెల ఆ ఆరు నిఘంటువులూ తెప్పించుకుని బల్ల మీద పరిచింది సొరుగమ్మ. మొదటి మూడూ సొరుగమ్మవాళ్ల నిఘంటువునే ఆధారం చూపించాయి. నాలుగోది మూడోదాన్ని చూపించింది. అయిదోది నాలుగోదాన్ని, ఆరోది అయిదోదాన్ని. ఊరంతా తిరిగొచ్చి చివరికి తన గుమ్మంలోనే చెప్పులు విడిచింది ఆ మాట. అలా విడిచిన చెప్పుల్నే ఆరు జతలుగా లెక్కపెట్టింది ఎడిటర్.

దడ్, దడ్, దడ్. లొమిర నిజంగానే చాలా దూరం తిరిగింది, అందులో అబద్ధం లేదు, ఆ చీటీలన్నీ తను చేతులారా సర్దినవే. రేవులో సరుకు దించేవాళ్లు దాన్ని లోమిర్ అన్నారు. ఒక ఓడ గుమాస్తా పుస్తకంలో, రాత్రి లోమిర్ ఆడేవాళ్లకి దీపం నూనె రెండు సీసాలు, అని ఉంది. అంతకంటే పాత చీటీ ఎక్కడా దొరకలేదు. దీవుల్లోవాళ్లు ముందొక అ తగిలించి అలొమిర చేసుకున్నారు. అక్కడది ఆట కూడా కాదు, పెళ్లింట్లో తెల్లారేదాకా జరిగే గోల. కొండవాళ్లకి నొమెర. అసలు సంగతి చెప్పకుండా చుట్టూ తిరిగి మాట్లాడేవాణ్ని నాతో నొమెర వెయ్యకు అంటారు. ఆ పైనున్న పట్నాల్లో లుమిర్కా అంటే ఒకచోట కుదురుగా కూర్చోని ఆడపిల్ల. ఇంకా అవతలకి పోతే అదొక కుచ్చుల పావడా, వేసుకున్నవాళ్లకి ఆట సంగతే తెలియదు. ఆ పావడా చీటీ వచ్చిన రోజు సొరుగమ్మ మధ్యాహ్నం తిండి మానేసి ఆఫీసంతా తిరిగి అందరికీ చూపించింది. చూడండి, ఎక్కడిదాకా పోయిందో, ఒక్క పైసా టికెట్టు లేకుండా. ఎక్కడిదాకా పోయిందో తెలుసు. ఎక్కడ బయల్దేరిందో తెలియదు. రేవువాళ్లనడిగితే బట్టీలవాళ్ల దగ్గర నేర్చుకున్నామన్నారు. బట్టీలవాళ్లు, పడవలవాళ్లు తెచ్చారన్నారు. నువ్వంటే నువ్వని.

తెలియదు అని రాసి ఊరుకోవలసింది. ఆఫీసులో ఆ మాటకి చిన్నతనం ఏమీ లేదు, మొదటి సంపుటంలోనే రెండువందల పై చిలుకు మాటలకి మూలం తెలియదు అనే ఉంది. కానీ మూడు చీటీలు దొరికాయి. మూడు చీటీలు, మూడు నోళ్లు, అదీ ఆఫీసు నియమం. ముగ్గురు వేరువేరు మనుషులు వేరువేరు చోట్ల ఒకే సంగతి చెబితే మాటకి మూలం రాయొచ్చు. ఒకటి బడిపంతులు పంపింది, సైకిలు మీద ఊళ్లు తిరిగి మాటలు ఏరేవాడు, ఆయన అక్షరం చీమల బారు. ఒకటి రేడియో ఆయన టేపులోంచి ఎత్తి రాయించింది. మూడోది పరదేశం నుంచి వచ్చిన పరిశోధకురాలిది, దుబాసీ అనువాదం చేసింది. మూడు చేతులు, మూడు సంవత్సరాలు, మూడు రంగుల సిరా. చెప్పినవారు అన్న గడిలో పేరు రాయకూడదు, వృత్తి గాని వయసు గాని రాయాలి. పేరు రాస్తే పల్లెల్లోవాళ్లు భయపడి మాట్లాడరని మొదటి ఎడిటర్ పెట్టిన పద్ధతి. పంతులు, వృద్ధ నర్తకి, అని రాశాడు. రేడియో ఆయన, బట్టీ కార్మికురాలు, అని రాయించాడు. దుబాసీ, స్థానిక మహిళ, అని రాసింది. ముగ్గురూ లొమిర అనే పిల్ల గురించే చెప్పారు. ముగ్గురూ ఎడమ కాలే అన్నారు. సొరుగమ్మకి అప్పుడు నలభై ఏళ్లు. చీటీలు మూడూ పక్కపక్కన పెట్టి సాయంత్రం దాకా చూసుకుంటూనే ఉంది. ఆ పని చేసేవాళ్లకి అలాంటి రోజు బతుకులో ఒకటో రెండో వస్తుంది.

తలుపు తెరుచుకుని మిషను చప్పుడు ఒక్కసారి పెద్దదైంది. పేజీల మేస్త్రీ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో మూడు పెన్నులు, మూడూ ఎర్రవే.

"ఇంకా తేలలేదా మేడమ్?"

"నాలుగు లైన్లు మార్చాలనుకుంటున్నా."

"మార్చండి. తీసినన్ని పెట్టండి. నాలుగు తీస్తే నాలుగు, లైనుకి ముప్పై రెండక్షరాలు. చివర సూచిక నిన్ననే అచ్చయిపోయింది. ఇక్కడ లైను జరిగితే అక్కడ పేజీ నంబర్లన్నీ అబద్ధాలవుతాయి."

"ఇక్కడున్నదే అబద్ధమైతే?"

"అది మీ డిపార్ట్‌మెంటు. నాది లైన్లు." గడియారం చూశాడు. "ఎడిటర్ మేడమ్ బయల్దేరారంట, సంతకానికి. మూడూ ముప్పావుకి ఇక్కడుంటారు. టీ తెప్పించనా?"

వద్దంది. అతను వెళ్లాక చప్పుడు మళ్లీ చిన్నదైంది. లోపల జిగురు వాసన, ఉడికించిన పిండి లాంటిది. దాంతో పాటే, ఎందుకో, ఉల్లిపాయల వాసన. పెద్దమ్మ వంటింట్లో ఎప్పుడు వెళ్లినా ఉల్లిపాయలు తరుగుతూనే ఉండేది, ఆ ఇంట్లో ఇంకేమీ వండరా అన్నట్టు. అమ్మకి అక్క. బట్టీలో పదమూడో ఏట చేరి మట్టి తొక్కింది, పందొమ్మిదో ఏట ఇటుకల తోపుడు బండి ఎడమ పాదం మీదుగా పోయింది. ఆ తర్వాత కూడా తొక్కింది, ఆడింది, ఊళ్లో ఎవరింట వేడుకైనా పెద్దమ్మ లేకపోతే వలయం కట్టేవాళ్లు కాదు. ఎవరైనా పట్నం నుంచి ఆట గురించి అడగడానికి వస్తే బట్టీ యజమాని వాళ్లని ఆమె దగ్గరికే పంపేవాడు, నోరున్న మనిషని. ఆ సంగతి అప్పట్లో సొరుగమ్మకి తెలియదు. సెలవులకి వెళ్లడం, పెద్దమ్మ పెట్టింది తినడం, తిరిగి రావడం. మాటలు ఏరే ఉద్యోగం చేస్తూ సొంత పెద్దమ్మని ఒక్క మాట అడగలేదు. ఇంటి మనిషి చీటీ పనికిరాదని అదొక నియమం, అదీ తను పెట్టుకున్నదే.

మొదటి కూర్పు అచ్చయిన వారానికి పట్టుకెళ్లింది. ఆరు కిలోలు. పెద్దమ్మ పీట మీంచి లేవలేదు, చదువు అంది. చదివింది. ఒక కాలు ఈడ్చి నడిచే లొమిర అనే పిల్ల పేరు మీద వచ్చిందంటారు. చాకు ఆగింది. తర్వాత పెద్దమ్మ భుజాలు కదలడం మొదలైంది, ఏడుస్తోందనుకుంది సొరుగమ్మ, ఉల్లిపాయలేమో అనుకుంది. నవ్వుతోంది. ఒళ్లోని ఉల్లిపాయలు దొర్లి గడప దాటాయి.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇంత బుక్కులో ఎక్కించారా దాన్ని?"

"దాన్ని అంటే?"

"ఆ పిల్లని. పాపం ఆ పంతులు ఎండలో పడి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడే. చొక్కా పిండితే చెంబుడు చెమట. ఆ పేరెక్కడిదమ్మా అని ఒకటే నస. నాకు తెలీదు నాయనా అంటే మొహం ఇంత చేసుకున్నాడు. ఉత్త చేతులతో ఎలా పంపమంటావు మనిషిని? ఏదో నోటికొచ్చింది చెప్పా."

"రేడియోవాళ్లకి?"

"మాట తప్పితే బాగుంటుందా? వాళ్లకీ అదే చెప్పా. ఆ తెల్లామెకైతే ఇంకాస్త కలిపా, ఓడెక్కి వచ్చింది కదా. ఇదిగో, మొహం అలా పెట్టకే. ఉండనీ. ఆ పిల్ల నిన్నేం చేసింది?"

ఆ పిల్ల తననేమీ చేయలేదు. పైకెత్తింది. లొమిర మూలం కనుక్కున్న మనిషిగా మూడు సభలకి పిలిచారు, ఏడాది తిరక్కుండా రెండో కూర్పుకి ల నుంచి హ దాకా మొత్తం సంపుటం చేతికిచ్చారు. ఆఫీసులో చెబుదామని రెండుసార్లు మొదటి ఎడిటర్ గది దాకా వెళ్లింది. ఒకసారి ఆయన ఫోన్లో ఉన్నాడు. ఒకసారి లేడు. మూడోసారి వెళ్లలేదు. చివర అంటారు అనే మాట ఉంది కదా అని సర్దిచెప్పుకుంది, అంటారు అంటే ఎవరో అన్నారనే, తప్పేముంది. పదిహేనేళ్లకి రెండో కూర్పు వచ్చింది. రేవు నిఘంటువు కూడా ఇదే చెబుతోందని ఎవరో ఆ అంటారు కొట్టేశారు. ప్రూఫు తన బల్ల మీదికే వచ్చింది. పెన్సిలు చేతిలోనే ఉంది. అప్పటికి పెద్దమ్మ పోయి ఆరేళ్లు.

రేవు పట్నంలో విగ్రహం కూడా పెట్టారు. ఒక సభకి వెళ్లినప్పుడు చూసింది, పార్కు మూల, పన్నెండేళ్ల పిల్ల, ఎడమ పాదం నేలకి జానెడు ఎత్తున. కింద రాతి మీద లొమిర అని పేరు. పరీక్షలకి పోయే పిల్లలు ఆ బొటనవేలు పట్టుకుంటారట, వేలు మటుకు అరిగి మెరుస్తోంది. అక్కడ నిలబడి సొరుగమ్మ ఆ పాదం చాలాసేపు చూసింది. బండి పోయిన పాదం. తన పాదమే పెట్టి పంపింది పెద్దమ్మ ఆ పిల్లకి, ఇంకేం చేతిలో లేక. బతికినన్నాళ్లూ ఆడిన మనిషి మూడు చీటీల్లో వృద్ధ నర్తకి, బట్టీ కార్మికురాలు, స్థానిక మహిళ. అసలు పుట్టని పిల్లకి రాతి మీద పేరు.

మూడున్నర. పెన్సిలు తీసింది. మళ్లీ అంటారు అని పెడితే? మూడక్షరాల పని. ఎవరూ అడగరు, మేస్త్రీ సంతోషిస్తాడు, విగ్రహం విగ్రహంగా ఉంటుంది, ఎడిటర్ సంతకం పెట్టేసి ఇంటికెళ్తుంది. సంతకం. ఈ ఎడిటర్ పిల్లే ఇరవై మూడేళ్లప్పుడు ప సొరుగులో ఒక మాటకి మూడు చీటీలు చూపించింది. తీసి చూస్తే రెండు చీటీలూ ఒకే వార్త, రెండు పత్రికల్లో పడింది. ఒకే నోటిని రెండుసార్లు లెక్కపెడతావా, ఈ ఉద్యోగం నీకెందుకు, అని అందరి ముందూ అంది సొరుగమ్మ. సొరుగు మొత్తం మళ్లీ చేయించింది. నాలుగువేల చీటీలు. ఆ పిల్ల బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికి ఉల్లిపాయలు గడప దాటి పదేళ్లయింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా సొరుగమ్మ లేచి నీళ్లు తాగొస్తుంది. ఇక్కడ నీళ్లు ఎక్కడున్నాయో తెలియదు.

నాలుగు లైన్లూ కొట్టేసింది. పెన్సిలు గీత వంకర పోలేదు. పక్కన రాసింది. మూలం: తెలియదు. అర లైను కూడా రాలేదు. ఇంకా మూడున్నర లైన్లు నింపాలి. తెలియదన్న మాటని నాలుగు లైన్లు ఎలా సాగదీస్తారు? ప్రయోగం ఇవ్వొచ్చు, ఎవరో ఒకరు అన్న మాట. ఎవరన్నది? ఆ రోజు ఉల్లిపాయలు ఏరుకుని మళ్లీ పీట మీద కూర్చున్నాక తనే అడిగింది, కోపంగానే, మరి నిజంగా ఎక్కడి నుంచి వచ్చింది పెద్దమ్మా అని. పెద్దమ్మ చెప్పింది. అది ఎవరూ చీటీ రాయలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకేం తెలుసు, నేను పుట్టేసరికే ఆడుతున్నారు. రాసింది. అక్షరాలు లెక్కపెట్టింది, వేలి కణుపుల మీద. ఇంకా లైనున్నర తక్కువ. మిషను మూడు కొట్టి ఆగింది. ఆ ఖాళీలో పెద్దమ్మ చాకు మళ్లీ కదిలింది, ఆ తర్వాత ఇంకేదో అంది, తరుగుతూనే, తల ఎత్తకుండా. ఏమంది? పద్దెనిమిదో ఇరవయ్యో చప్పుళ్ల దాకా సొరుగమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. మా అమ్మనడిగితే, తను పుట్టేసరికే ఆడుతున్నారంది. అదీ మాట. రాసి లెక్కపెట్టింది. నాలుగో లైను చివర రెండక్షరాల చోటు మిగిలింది, అంతే.

ఎడిటర్ వచ్చేసరికి పది తక్కువ నాలుగు. భుజాన సంచి, చేతిలో గొడుగు. పక్కనే కూర్చుని అట్ట అందుకుంది. చదివింది. మళ్లీ చదివింది.

"ఏంటి మేడమ్ ఇది?"

సొరుగమ్మ చెప్పింది. పంతులు, రేడియో, ఓడెక్కి వచ్చిన ఆమె, ఉల్లిపాయలు. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పింది. అయిదు నిమిషాలు పట్టలేదు. ముప్పై ఒక్కేళ్ల సంగతి అయిదు నిమిషాల్లో అయిపోతుందని అనుకోలేదు.

ఎడిటర్ గొడుగు పిడి చుట్టూ తాడు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"నాచేత ప సొరుగు మొత్తం మళ్లీ చేయించారు."

"చేయించాను."

"పదకొండు రోజులు."

"పన్నెండు. ఆదివారం కూడా వచ్చావు."

"అప్పటికే తెలుసన్నమాట మీకు."

"తెలుసు."

మిషను ఆపారు. ఉన్నట్టుండి గదంతా గడియారం చప్పుడైంది. ఎడిటర్ ముక్కుతో నవ్వింది. నవ్వో కాదో సొరుగమ్మ తేల్చుకోలేకపోయింది.

"పుస్తకావిష్కరణకి విగ్రహం కమిటీవాళ్లని పిలిచా, తెలుసా? ముందు వరసలో కుర్చీలు. వాళ్లకేం చెప్పమంటారు?"

"నేనొస్తా. నేనే చెప్తా. విగ్రహం ఉంచుకోమను, కాలు సరైందే."

"ఒక్క చీటీ మీద మూలం రాయకూడదని మీరే కదా నేర్పింది?"

"ఇదీ మూలం అనడానికి ఒకటి చాలదు. తెలియదు అనడానికి చాలు."

పేజీల మేస్త్రీ తలుపులోంచి తల పెట్టాడు. "నాలుగు లైన్లేనా మేడమ్?"

"నాలుగే," అంది ఎడిటర్, కాగితం వంక చూస్తూనే. పెన్ను తీసి అడుగున సంతకం పెట్టి అట్టతో సహా అతనికిచ్చింది. తర్వాత సంచి జిప్పు లాగి ఖాళీ చీటీల కట్టలోంచి ఒకటి ఊడదీసి సొరుగమ్మ ముందుకి జరిపింది. "చీటీ లేని మాట పుస్తకంలో ఉండకూడదు. రాసివ్వండి, రేపు సొరుగులో పెడతా."

సొరుగమ్మ మోకాలి మీద పెట్టుకుని రాసింది. మాట: లొమిర. ప్రయోగం. చోటు: వంటిల్లు. తేదీ దగ్గర ఆగలేదు, ఆ తేదీ తెలుసు. చెప్పినవారు అన్న గడి దగ్గర ఆగింది. బట్టీ కార్మికురాలు అని రాయబోయి, ఎడిటర్ వంక చూసింది. ఎడిటర్ కిటికీలోంచి లారీలో కాగితాలు ఎక్కించడం చూస్తోంది, చూడనట్టు. సొరుగమ్మ పెద్దమ్మ పేరు రాసింది. పొట్టి పేరు. గడిలో ఇంకా చోటు మిగిలింది.